తొమ్మిది వందల పన్నెండు పేర్లు

ఎర్రబోడు ఊర్ల ఐలేశం పేరు తెల్వనోళ్లు లేరు గానీ, ఐలేశం ఇల్లు దాటి బజాట్లకు వచ్చుడు చూసినోళ్లు తక్కువే. పదేండ్లప్పుడు మోకాళ్లు పట్టుకున్నయి. పదిహేనేండ్లకు నడుము వంగింది. ఇరవై దాటేసరికి మెడ తిరుగుడు బందయింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలె. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదని, అది బొక్కలల్ల చేరి మనిషిని కట్టె లెక్క బిగిస్తదని చదువుకున్నోళ్లు వచ్చి చెప్పేనాటికి ఊరంతా ఆ నీళ్లే తాగి పెరిగింది. తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకు కృష్ణ నీళ్లు పైపుల ఇంటి ముందటికి వచ్చినయి. నల్లా తిప్పిన రోజు ఐలేశం తల్లి రామమ్మ బిందె నింపి ముందుగాల కొడుక్కే గ్లాసు ఇచ్చింది. తాగిండు. తియ్యగున్నయన్నడు. అప్పటికి ఐలేశానికి ముప్పై ఏండ్లు.

తండ్రి బీరన్న అంతకు ముందే చనిపోయిండు. రామమ్మకు ఇరవై గొర్లు. పొద్దుగాల కొడుక్కు మొఖం కడిగి, జొన్నరొట్టె తుంచి తినిపించి, అర్రల మంచం మీద గోడకు ఆనిచ్చి కూసుండవెట్టి గొర్లు తోలుకపోతది. మళ్ల పొద్దుమీకినంకనే వచ్చుడు. పొద్దంత ఐలేశానికి తోడు ఒక పాత లాప్‌టాప్.

అది గ్లోరీ టీచర్ ఇప్పించింది. చండూరుల నడవలేనోళ్లకు కంప్యూటర్ నేర్పుతమని మూడు నెలలు క్లాసులు పెట్టిండ్రు; వారానికి రెండుసార్లు ఆటో పంపి ఐలేశాన్ని మోసుకపోయిండ్రు. చివరికి ఎవరో పడేసిన లాప్‌టాప్ ఒకటి గ్లోరీ టీచర్ అడుక్కొచ్చి ఇచ్చింది. దాని బ్యాటరీ ఎన్నడో సచ్చింది, వైరు ప్లగ్గుల ఉన్నంతసేపే పానం. చండూరుల సెల్‌ఫోన్లు బాగుచేసే జానీ దాంట్ల బొమ్మలు లేని, బాణం గుర్తు లేని సిస్టం ఎక్కిచ్చిండు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఏం చేయాల్నన్నా మీటలు కొట్టి చెప్పుడే.

“గిదే నీకు మంచిగుంటది అన్నా. మౌసు పట్టే పని లేదు” అన్నడు జానీ.

నిజమే. ఐలేశానికి కుడిచేతి రెండు వేళ్లే లేస్తయి. ఎడమ చెయ్యి పిడికిలి పట్టి ఏండ్లాయె, విచ్చుకోదు. ఆ నల్ల తెర మీద తెలుగు కొడితే ఒత్తులు ఒకదిక్కు, గుడులు ఒకదిక్కు చెదిరిపోతయి గనుక తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాలల్ల రాసుడు అలవాటు చేసుకున్నడు.

మొదట్ల చెయ్యి వణికి ఒక మీటకు ఇంకో మీట పడేది. రాసిందంత ఖరాబై ఐలేశం కండ్లల్ల నీళ్లు పెట్టుకునేటోడు. అప్పుడు గ్లోరీ టీచర్ పక్కన స్టూలు ఏసుకొని కూసుండి చెప్పింది.

“తప్పయితే ఎందుకు భయపడతవు ఐలేశం? రాసుడు ఆపి యు మీట కొట్టు. ఇప్పుడు చేసింది పోతది. ఇంకోసారి కొట్టు, దాని ముందటిది పోతది. ఎంత వెనక్కి కావాల్నంటే అంత వెనక్కి పోవచ్చు.”

“మొదటిదాక పోవచ్చా మేడం?”

“ఫైలు తెరిచినప్పుడు ఎట్లుండెనో అక్కడిదాక పోవచ్చు.”

“ఎక్కువ వెనక్కి పోతే?”

“కంట్రోల్ పట్టుకొని ఆర్ కొట్టు. పోయింది మళ్ల వస్తది. కానీ రెండు ముచ్చట్లు యాది పెట్టుకో. వెనక్కి పోయినంక కొత్తగ ఒక్క అక్షరం కొట్టినా ముందుకొచ్చే తొవ్వ నీకు దొరకదు. ఫైలు మూసేస్తే వెనక్కి పోయే తొవ్వ ఉండదు.”

ఆ పొద్దంత ఐలేశం తన పేరు కొట్టుడు, తీసుడు, తెచ్చుడు, ఇదే పని. యు మీద వేలు ఆనితే చాలు, అది తేలికగనే వచ్చింది. కంట్రోల్ మీట ఒక మూలకు, ఆర్ ఇంకో దిక్కు. వేళ్లు అంత దూరం జరగవు. గ్లోరీ టీచర్ కంట్రోల్ పట్టుకుంటే ఐలేశం ఆర్ కొట్టేటోడు. ఇంటికి వచ్చినంక ఆ పని రాంచందర్ మీద పడ్డది.

రాంచందర్ ముప్పై ఏండ్లు ఆ దిక్కు ఊర్లన్నిట్ల ఉత్తరాలు పంచిన మనిషి. సైకిల్ మీద తిరిగినన్నాళ్లు తిరిగిండు, మోకాళ్లు వంకర పోయినంక కట్టె పట్టుకొని తిరిగిండు. ఏ ఇంట్ల ఎవరి నడుము వంగింది, ఏ పిల్లకు పండ్లు పచ్చబడ్డయి, ఎవరు మంచాన పడ్డరు, అన్నీ ఆయనకు ఎరుకే. ఉత్తరాలతోపాటు సంచిల ఒక నోటుబుక్కు పెట్టుకొని రాసుకునేటోడు. అట్ల ఏడు నోటుబుక్కులు నిండినయి.

నీళ్లు వచ్చిన ఏడాదికి ఒకరోజు ఆ ఏడింటినీ చద్దర్ల మూటగట్టుకొని ఐలేశం ఇంటికి వచ్చిండు.

“అల్లుడా, నీళ్లొచ్చినయి, ఇగ రోగం పోయిందని చెప్పుకుంటున్నరు. కొత్తగ పుట్టేటోళ్లకు రాదు, మంచిదే. మరి ముందుగాల వంగినోళ్లం యాడికి పోతం? ఎవలన్నా అడిగిన్నాడు, గిదిగో గింతమందిమి ఉన్నమని చూపెట్టాలె గద. నువ్వు ఎక్కించు, నేను చదువుత.”

అట్ల మొదలైంది. ఒక మనిషికి ఒక లైను. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏండ్లు, ఏ బొక్క వంగింది, ఎప్పటి సంది. చనిపోయినోళ్లను తీసెయ్యలేదు; లైను చివర చనిపోయిన సంవత్సరం వేసిండ్రు. రాంచందర్ పొద్దుగాల పదింటికి వచ్చి స్టూలు మీద కూసుంటే, ఐలేశం రెండు వేళ్లు మంచిగున్న నాడు పది, పన్నెండు పేర్లు కొడుతుండె; వారాల కొద్ది ఆ వేళ్లు అసలే లేవకపోతుండె. ఒకసారి గట్టుప్పల దిక్కు ఎల్లయ్య పోయిండని ఎవరో చెప్తే లైను చివర సంవత్సరం చేర్చిండు. నాలుగు పేర్ల తర్వాత ఎల్లయ్యే ఫోన్ చేసిండు, తన బిడ్డ పేరు కూడా రాయమని. రాంచందర్ ఫోన్ చేత్తోని మూసి, “ఐలేశం, ఎల్లయ్యను లేపు” అన్నడు. ఐలేశం యు, యు అని ఐదుసార్లు కొట్టిండు. ఎల్లయ్య లేచి కూసున్నడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్విండ్రు. నవ్వుల చెయ్యి జారి ఐలేశం వేలు ఇంకో మీట మీద పడ్డది. తర్వాత రాంచందర్ కంట్రోల్ పట్టుకొని ఎంతసేపు ఆర్ కొట్టించినా ఆ నాలుగు పేర్లు రాలేదు. నోటుబుక్కు తెరిచి మళ్ల కొట్టుకున్నరు.

ఒకసారి గ్లోరీ టీచర్ ఫోన్ల చెప్పింది, ఇంకో పేరుతోని ఒక నకలు దాచుకోమని. దాచిండు. నెల తిరిగేసరికి రెండింట్ల ఏది అసలో ఏది నకలో తెల్వక, కొత్త పేర్లు సగం దీంట్ల, సగం దాంట్ల ఎక్కినయి. రాంచందర్‌కు కోపం వచ్చింది. “ఒక మనిషికి రెండు చిరునామాలు ఉంటే ఉత్తరం ఏ ఇంటికీ చేరదు” అని ఒకటి తీసేయించిండు. ఆ తర్వాత ఒక్క ఫైలే.

నాలుగేండ్లల్ల పదకొండు వందల ఇరవై ఆరు పేర్లు ఎక్కినయి. నోటుబుక్కుల పని అయిపోయింది. హైదరాబాద్ నుంచి చదువుకునే పిల్లలు పరిశోధన అనుకుంట వచ్చి, ఫొటోలు తీసుకొని వారంల పంపుతమని ఏడు నోటుబుక్కులూ పట్టుకపోయిండ్రు. పంపలేదు. రాంచందర్ రెండు మూడుసార్లు ఫోన్ చేసి ఊకున్నడు. “పోనీ తియ్ అల్లుడా, అన్నీ నీ డబ్బల ఉన్నయి గద” అన్నడు.

రెండువేల ఇరవై రెండు ఏప్రిల్ నెల, ఒక శుక్రవారం, నీహారిక అనే అమ్మాయి కారుల వచ్చింది. హైదరాబాద్‌ల ఒక ట్రస్టుల పని చేస్తదట. ఇరవై ఆరేండ్లుంటయేమో. చెప్పులు గడప అవతలనే విడిచి వచ్చి కింద చాప మీద కూసున్నది. రామమ్మ ఇచ్చిన మజ్జిగ తాగింది. మంచి పిల్ల.

“అన్నా, వచ్చే బుధవారం నల్లగొండలో క్యాంపు పెడుతున్నాం. పెద్ద పెద్ద బొక్కల డాక్టర్లు వస్తున్నారు. ఆపరేషన్ చేస్తే లాభం ఉంటుందనుకున్నవాళ్లకు చేయిస్తాం. మీ దగ్గర లిస్టు ఉందని చండూరులో గ్లోరీ గారు చెప్పారు.”

లిస్టు ఎవలన్నా అడుగుతరని ఐదేండ్ల సంది చూస్తున్నరు ఇద్దరూ. రాంచందర్ కట్టె గోడకు ఆనిచ్చి, తల రుమాలు తీసి మళ్ల కట్టుకున్నడు. ఐలేశం ఫైలు తెరిచి మొదటి పేరు నుంచి చివరి పేరుదాక తెరను జరిపి చూపెట్టిండు. నీహారిక నోరు తెరుచుకొని చూసింది.

“ఇంతమందా?” అన్నది. “ఇంతమందిని డాక్టర్లు చూడలేరన్నా. చనిపోయినవాళ్లను తీసేయండి. అరవై దాటినవాళ్లకు ఆపరేషన్ చేయరు, వాళ్లను కూడా. ఎక్స్‌రే తీయించుకోనివాళ్లను ఈసారికి ఆపుదాం. మిగిలిన లిస్టు ఆదివారం వచ్చి తీసుకుంటా” అన్నది.

కారు పోయినంక ఐలేశం తెరను మళ్ల మొదటి పేరుకు తెచ్చిండు.

“తీసేద్దాం మామా. ఆమె తీసుకపోయినంక యు కొట్టుకుంట వెనక్కి పోత. అందరు వస్తరు. ఫైలు మూయను” అన్నడు ఐలేశం.

“మధ్యల సేవ్ చేస్తే?”

“సేవ్ చేసినా వెనక్కి పోవచ్చు. మూయకుంటే చాలు.”

“అయితే కానీ.”

డి రెండుసార్లు కొడితే లైను మొత్తం పోతది, కింది లైను పైకి జరుగుతది. ముందుగాల చనిపోయినోళ్లను తీసిండ్రు. పోశవ్వ, పదమూడేండ్ల సంది మంచంల. ఐలేశం దోస్తు నర్సింహ, బడిల ఒక్క బల్ల మీద కూసున్నోడు. ప్రతి పేరుకూ రాంచందర్ ఒక మాట చెప్తుండె: ఈమె కొడుకు బొంబాయి నుంచి ఉత్తరాలు రాస్తుండె, వీళ్ల ఇంట్ల కుక్క కరుస్తదని బయటి నుంచే పిలుస్తుంటి. శనివారం మాపటికి ఐలేశం రెండు వేళ్లూ వాచి ఎర్రబడ్డయి. రామమ్మ వేడినీళ్ల గుడ్డ పెట్టింది. ఆదివారం పొద్దుగాల మళ్ల కూసున్నరు.

ముసలోళ్ల పేర్లు తీస్తుంటే తమ ఊరు ఎర్రబోడు వంతు వచ్చింది. ఐలేశం ఒక లైను దాటేసి కిందికి పోయిండు.

“దాటేసినవ్” అన్నడు రాంచందర్. చిరునామాలు చదివిన మనిషి, ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు కొత్త కాదు.

“ఏది మామా?”

“నా పేరు. అరవై ఒకటి నాకు.”

“నువ్వు లేకుంటే లిస్టే లేదు. ఒక్క పేరు ఎక్కువైతే డాక్టర్లకు ఏం బరువు?”

“పొద్దటి సంది ఎంతమందిని తీసినవ్? వాళ్లల్ల నాకన్నా చిన్నోళ్లు లేరా? ఎక్స్‌రే తీసుకోను బస్సు ఎక్కలేనోళ్లు లేరా? తియ్యి.”

ఐలేశం పైకి పోయిండు. డి కొట్టిండు. ఇంకో డి కొట్టిండు. రాంచందర్ లైను పోయి, ఆయన జాగల ఇంకో పేరు వచ్చి నిలబడ్డది. ఐలేశం దాని దిక్కు ఒక్క నిమిషం కూడా చూడలేకపోయిండు. యు మీద వేలు ఆనిచ్చిండు. రాంచందర్ మళ్ల వచ్చిండు.

“నాతోని కాదు మామా.”

రాంచందర్ స్టూలు ముందుకు జరుపుకున్నడు. వంగి, ఎడమ బొటనవేలు కంట్రోల్ మీట మీద పెట్టి అదిమి పట్టిండు.

“ఆర్ కొట్టు.”

“మామా...”

“కొట్టు అల్లుడా. యు కొడితే అందరం వస్తమన్నవ్ గద. నేనొక్కన్నే రాకుంట ఉంటనా?”

ఐలేశం కొట్టిండు.

మధ్యాహ్నం నీహారిక వచ్చేసరికి రెండు వందల పద్నాలుగు పేర్లు మిగిలినయి. తీసేసినయి తొమ్మిది వందల పన్నెండు. జానీ పంపిన పెన్‌డ్రైవుల ఆమె ఎక్కించుకున్నది. “వరుస నంబర్లు ఈ లిస్టు ప్రకారమే వేస్తాం అన్నా, క్యాంపు అయ్యేదాకా మార్చకండి. ఏదన్నా అనుమానం వస్తే ఫోన్ చేసి అడుగుతా” అన్నది. ఐలేశానికీ ఆ మాట నచ్చింది. వేళ్లు లేచే హాలత్‌ల లేవు. తొమ్మిది వందల సార్లు యు కొట్టాలంటే రెండు మూడు రోజులు పడ్తది. క్యాంపు అయిపోనీ అనుకున్నడు. ఫైలు మూయలేదు, వైరు తియ్యలేదు. తెర మీద తువ్వాల కప్పిండు. సోమవారం, మంగళవారం కరెంటు పోలేదు.

బుధవారం తెల్లారంగ ట్రస్టు బండి వచ్చింది. ఐలేశం పేరు లిస్టుల ఉన్నది. ముప్పై ఆరేండ్లు, ఎక్స్‌రే ఉన్నది. ఎక్కంగనే రాంచందర్ కట్టె పట్టుకొని బండి దాక వచ్చి, “డాక్టర్లకు సిగ్గుపడకుంట అన్నీ చెప్పు” అన్నడు.

నల్లగొండల పానగల్ తొవ్వల ఒక ఫంక్షన్ హాల్. పెండ్లి కుర్చీలే వేసిండ్రు. మంచాల మీద, కుర్చీలల్ల, తండ్రుల భుజాల మీద నూట అరవై మంది వచ్చిండ్రు. ఐలేశం వంతు రెండున్నరకు వచ్చింది. ఒక పెద్ద డాక్టర్ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసిండు, ఇంకో డాక్టరుకు చూపెట్టిండు. తర్వాత కుర్చీ జరుపుకొని ఐలేశం మొఖానికి ఎదురుగ కూసున్నడు.

“బాబూ, నీకు అబద్ధం చెప్పను. నీ వెన్నుపూస మొత్తం ఒకటే బొక్క లాగా అతుక్కుపోయింది. కోస్తే ఉన్న రెండు వేళ్లు కూడా పోయే ప్రమాదం ఉంది.”

“పదేండ్ల కింద వస్తే అయ్యేదా సార్?”

డాక్టర్ ఎక్స్‌రే మళ్ల కవర్ల పెట్టిండు. “ఆ నీళ్లు తాగకముందు రావాల్సింది” అన్నడు.

నూట అరవై మందిల ఆపరేషన్‌కు తొమ్మిది మందిని ఏరిండ్రు. మిగిలినోళ్లకు గోళీల పొట్లం, చేతికట్టె ఇచ్చిండ్రు. ఐలేశానికి చేతికట్టె పట్టుకునే చెయ్యి లేదని నీహారిక ఇంకో గోళీల పొట్లం ఇచ్చింది. ఆమె కండ్లు ఎర్రగున్నయి. బండి తిరుగు తొవ్వ పట్టింది. మునుగోడు దాటినంక ఆకాశం నల్లబడి గాలిదుమారం లేచింది. బత్తాయి తోటలల్ల కాయలు రాలి రోడ్డు మీదికి కొట్టుకొచ్చినయి. తర్వాత వాన.

ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. రామమ్మ, బండి డ్రైవరు పట్టుకొని ఐలేశాన్ని మంచం మీద పెట్టిండ్రు. తువ్వాల మడతపెట్టి పక్కన ఉన్నది. లాప్‌టాప్ తెర సచ్చిపోయి ఉన్నది.

“అమ్మా, గీ వైరు...”

“నేనే గుంజిన బిడ్డా. ఏం ఉరుములు అవి! భాగ్యమ్మోళ్ల టీవీ టప్పున కాలిపోయింది. నీ డబ్బకు ఏమన్నయితదేమోనని గొర్లను అట్లనే ఇడిసిపెట్టి ఉరికొచ్చిన. ప్లగ్గు పీకి తువ్వాల తీసి చూసిన, వాన జల్లు కూడ పడలే.”

ఆమె చీర ఇంకా తడిగనే ఉన్నది. మోకాలు దోక్కపోయి నెత్తురు ఎండింది; ఉరికేటప్పుడు పడ్డట్టున్నది.

“మంచిపని చేసినవమ్మా” అన్నడు ఐలేశం.

ఆమె వంటింట్లకు పోయినంక వైరు పెట్టమని పక్కింటాయనను పిలిచిండు. తెర వెలిగింది. ఫైలు తెరిచిండు. రెండు వందల పద్నాలుగు. యు కొట్టిండు. తెర అడుగున ఒక చిన్న లైను వచ్చింది, ఇంతకన్నా పాతది లేదని. ఇంకోసారి కొట్టిండు. అదే లైను. రామమ్మ అన్నం కలుపుకొని వచ్చేదాక కొడుతనే ఉన్నడు.

తెల్లారి జానీ బండి వేసుకొని వచ్చి లాప్‌టాప్ దుకాణానికి పట్టుకపోయిండు. రెండు రోజులు గెలికిండు. శనివారం తెచ్చి మంచం మీద పెట్టి, తలకాయ వంచుకొని నిలబడ్డడు.

“ముక్కలు ముక్కలు దొరికినయి అన్నా. ఇరవై పేర్లు ఉంటయేమో. తప్పు నాదే. మూసినంక కూడ వెనక్కి పోయేటట్టు చెయ్యొచ్చు దీంట్ల. ఒక్క లైను సెట్టింగు. నేనే రాయలే. నాకు ఖ్యాల్ రాలే.”

నీహారికకు ఫోన్ చేస్తే ఆమె దగ్గర ఉన్నదీ రెండు వందల పద్నాలుగే. “అయ్యో అన్నా” అన్నది. నోటుబుక్కులు పట్టుకపోయిన పిల్లల నంబరు కలువనే లేదు.

రాంచందర్‌కు చెప్పాలె. ఆయన గురువారం సంది వస్తనే ఉన్నడు. లాప్‌టాప్ రిపేరుకు పోయిందని ఐలేశం తప్పించుకున్నడు. శనివారం ఇగ చెప్పిండు. తల్లి వైరు గుంజిన ముచ్చట చెప్పలేదు, కరెంటు పోయిందన్నడు. రాంచందర్ గోడ దిక్కు చూసుకుంట విన్నడు. కట్టె పక్కన పెట్టిండు.

“తీసేసినోళ్ల పేర్లు నేను చెప్త, కొత్త ఫైలుల కొట్టు. ముప్పై ఏండ్లు తిరిగిన, తొవ్వ మరుస్తనా?”

కండ్లు మూసుకొని మొదలుపెట్టిండు. పాత తొవ్వనే పట్టిండు, ఉత్తరాల సంచి భుజానికి ఉన్నట్టే. రావిగూడెం మొగదల, ఎడమకు మొదటి ఇల్లు, ఎర్ర తలుపు. తర్వాత రెండు ఇండ్లు దాటినంక బాయి, బాయి పక్కన కుమ్మరి ఐలమ్మ. మొదటి వారం మంచిగనే నడిచింది. రెండో వారం తలుపులు యాదికొస్తున్నయి గానీ తలుపు వెనక మనిషి పేరు రావడం లేదు. తండ్రి పేరు కొడుకుకు, చనిపోయినోళ్ల ఏండ్లు బతికినోళ్లకు పెడుతున్నడు. ఐలేశం ఫోన్ చేసి అడిగితే, “మా నాయిన పోయి ఆరేండ్లాయె, మీ లిస్టుల ఇంక బతికే ఉన్నడా?” అని ఒకామె గొడవ పెట్టుకున్నది. ఇంకొకాయన, “క్యాంపుకు పిలువనోళ్లు ఇప్పుడెందుకు అడుగుతున్నరు?” అని ఫోన్ పెట్టేసిండు. ఏ పేరు కొట్టినా ఇది నిజమా, ఇట్లనే ఉండెనా అని అనుమానం. కొట్టుడు, యు కొట్టి తీసుడు, కంట్రోల్ పట్టుకో మామా అనుడు, మళ్ల తెచ్చుడు. రోజంత కూసుంటే మూడు పేర్లు నిలుస్తున్నయి.

శ్రావణంల రాంచందర్‌కు కడుపు పట్టేసి, నల్లగొండ దవాఖానల పడి నాలుగో రోజు చనిపోయిండు. శవాన్ని తెచ్చినప్పుడు పాడె మీద కాళ్లు సాపలేక వంచే పెట్టిండ్రు. ఐలేశాన్ని ఎవరో కుర్చీల మోసుకపోయి చూపెట్టిండ్రు. ఇంటికి వచ్చి ఫైలు తెరిస్తే, మామ పేరు ఈ కొత్త లిస్టుల ఎక్కనేలేదని అప్పుడు తెలిసింది. అందరి పేర్లు చెప్పిండు గానీ తన పేరు చెప్పలేదు. ఐలేశం కొట్టిండు: పేరు, తండ్రి నర్సయ్య, ఎర్రబోడు, అరవై ఒకటి, మోకాళ్లు, నడుము. ఎప్పటి సంది అన్న కాడ ఆగిపోయిండు. ఎన్నడూ అడుగలేదు.

అది మూడు వందల నలభై ఒకటో పేరు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం భాగ్యలక్ష్మి వచ్చింది, టీవీ కాలిపోయిన ఇంటామె. గడప మీదనే కూసున్నది. కొంగుతోని మొఖం తుడుచుకుంట అటూ ఇటూ ముచ్చట్లు పెట్టి, చివరికి అన్నది.

“తమ్మీ, మా మనీషకు కల్వకుర్తి దిక్కు నుంచి సంబంధం వస్తాంది. మీ ఊరి నీళ్లు తాగిన పిల్లనా అని అప్పుడే ఒకసారి అడిగిండ్రు. చిన్నప్పుడు మా మేనమామింట్ల పెరిగిందని చెప్పినం.”

ఐలేశానికి ఎరుకే. మనీషకు పంతొమ్మిది. పండ్లు పచ్చగుంటయి, చలికాలం మోకాళ్లు పట్టుకుంటయి. ఎక్స్‌రే లేదు.

“పాత లిస్టు మొత్తం పోయిందట గద?” అన్నది ఆమె మెల్లగ.

“పోయిందక్కా.”

“మంచిగైంది తియ్.” ఆమె మొఖం తేటపడ్డది. తర్వాత ఐలేశం మొఖం చూసి, “నీ కష్టం పోయిందనుకో, కానీ...” అని ఆపేసింది. “మళ్ల రాస్తున్నవంట?”

“రాస్తున్న.”

“దాంట్ల మా పిల్ల ఉన్నదా?”

ఐలేశం చూసిండు. నలభై ఏడో లైను. మామ మొదటి వారమే చెప్పిండు. ఆమెనే లేచి వచ్చి తెర చూసింది. అక్షరాలు చదవరాదు గానీ వేలు పెట్టి “గిదేనా?” అన్నది.

“గదే.”

“తీసెయ్యి తమ్మీ. నీకు దండం పెడ్త.”

ఐలేశం తీసేసిండు. సేవ్ చేసిండు. ఆమె ఇంకా నిలబడే ఉన్నది.

“మళ్ల వస్తదా? రాంచందర్ అన్న అంటుండె, తీసినయి మళ్ల వస్తయని.”

“రాదక్కా” అన్నడు. ఆమె చూస్తుండంగనే ఫైలు మూసేసిండు.

దసరా లోపల ఇంకో ఇరవై ఇండ్లోళ్లు ఫోన్ చేసిండ్రు. ఆడపిల్లలున్నోళ్లే కాదు, భూమి అమ్ముకుంటున్నోళ్లు కూడ, ఊరికి చెడ్డపేరు అని. ఐలేశం ఎవరితోనీ వాదం పెట్టుకోలేదు. ఎవరి పేరు వద్దంటే వాళ్ల పేరు తీసిండు. కొత్తగ ఎవరికీ ఫోన్ చేయలేదు. వేళ్లు కూడ మునుపటి లెక్క లేవు. చూపుడు వేలు లేస్తాంది గానీ నడిమి వేలు దాని వెంబడి రావడం లేదు.

మరుసటి ఎండాకాలం నీహారిక ఫోన్ చేసింది. ట్రస్టు మారిందట, ఇప్పుడు వేరే సంస్థల చేస్తున్నదట. వీల్‌చైర్లు ఇచ్చే ఆలోచన ఉన్నదట.

“మీ దిక్కు మొత్తం ఎంతమంది ఉంటారన్నా?”

రామమ్మ గడప కాడ కూసుండి గొర్రెపిల్ల కాలుకు గుడ్డ కడుతున్నది. ఐలేశం ఫోన్ చెవికి భుజంతోని ఒత్తి పట్టుకున్నడు.

“తెల్వదు మేడం” అన్నడు.

“అందాజుగా?”

“మా ఇంట్ల ఒకడు” అన్నడు ఐలేశం.

ఆమె రాసుకున్నట్టున్నది. మళ్ల చేస్తనని ఫోన్ పెట్టేసింది.